రెప్ప వెయ్యని పేషెంటు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను ఎక్కడా గెలవను. మధ్యలో ఒకచోట గెలిచినట్టు కనిపిస్తాను. అక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే సర్వనాశనం మొదలైంది సరిగ్గా అక్కడే. ఒక మంచి మనిషి చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆశను నేను స్వహస్తాలతో, తెల్లకోటు వేసుకుని మరీ, కింద సంతకం పెట్టి మరీ తుడిచేశాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఖమ్మం కూరగాయల మార్కెట్లో కొన్ని కుప్పల ముందు నుంచి పోవాలంటే తల దానంతటదే వంగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మాది ముదిగొండ. మెదడులో పుట్టే తరంగాలను కొలిచే టెక్నీషియన్ కోర్సు ఎలాగో గట్టెక్కి, ఖమ్మంలో ఒక డాక్టరు మేడమ్ దగ్గర చేరాను. ఆవిడ ఒక పరిశోధన చేస్తున్నారు. అకారణంగా గుండె దడ, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతుందన్న భయం, ఇలా ఆందోళన జబ్బుతో బాధపడేవాళ్ళ మెదడు తరంగాలు, ఏ బాధా లేనివాళ్ళ తరంగాలు కొలిచి, రెంటికీ తేడా ఏమైనా ఉందా అని చూడటం. నా పని చాలా చిన్నది. తలకు తీగల టోపీ తొడగాలి, ఒక్కో తీగ కింద కాస్త జిగురు పెట్టాలి, లాప్‌టాప్‌లో బొత్తం నొక్కాలి, ఫైలు తెచ్చి మేడమ్‌కి ఇవ్వాలి. అంతే. ఫైలు చదవడం నా పని కాదు. ఈ మాట ఆవిడ నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ నేను చాలా వినయంగా తలూపాను.

ఆ తలలో ఏముందో ఏ టోపీ తొడిగినా తెలిసేది కాదు. ఎందుకంటే నాకు అప్పటికే ఒక సొంత సిద్ధాంతం తయారై ఉంది. నున్నటి నెమ్మది అల వస్తే ఆ మనిషి నిమ్మళంగా ఉన్నట్టు, గజిబిజి గీతలు వస్తే భయంలో ఉన్నట్టు. ఏళ్ళ తరబడి చదివి మేడమ్ నేర్చుకున్నదాన్ని నేను నాలుగు వారాల్లో రెండు ముక్కల్లో తేల్చేశానని లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఆ ఆదివారం మా క్యాంపు ములకలపల్లి దాటి అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో పెట్టారు. మేడమ్‌కి ఆ రోజు రావడం కుదరలేదు. నన్నొక్కణ్ణే పంపారు. పంచాయతీ ఆఫీసు గదిలో బల్ల వేసి, పైన ఫ్యాను తిప్పి, తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళు నన్ను "డాక్టరు సారు" అన్నారు. నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని అని చెప్పడానికి నోరు తెరిచాను. మంచినీళ్ళు తాగి నోరు మూసుకున్నాను.

మొదట వచ్చింది కౌసల్యక్క. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ముప్పై దాటి రెండుమూడేళ్ళు ఉంటాయేమో. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మూడేళ్ళుగా తీయించుకున్న కాగితాలన్నీ ఉన్నాయి. గుండె పరీక్ష, రక్తపరీక్ష, తల స్కానింగు. అన్నింటి కింద ఒకే మాట, నార్మల్. పొయ్యి ముందు నిలబడి ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంటుందట, చేతులు తిమ్మిరెక్కుతాయట, ఇక చచ్చిపోతున్నానని అనిపిస్తుందట. కాసేపటికి తగ్గిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం తగ్గదు. కొత్తగూడెంలో మానసిక వైద్యుడు చూసి, ఇది ఆందోళన జబ్బు అని చెప్పి మాత్రలు రాశాడు. అవి వేసుకున్నప్పటి నుంచి కొంచెం నయమే.

కానీ ఇంట్లో ఎవరూ నమ్మరు. అత్త నర్సమ్మకు అవి పిచ్చి గోళీలు. భర్త వెంకన్న చెడ్డవాడు కాదు, కొట్టడు, తిట్టడు. "అన్ని కాయిదాలల్ల నార్మలే ఉన్నది గద, ఇంకేందే" అంటాడు, అంతే. ఆ అంతే అనేదే ఆమెను తినేస్తోంది. ఒక్కటంటే ఒక్క కాగితం మీద, నీకు ఇది ఉంది అని రాసి ఉంటే, దాన్ని గోడకు అతికించుకుని ప్రశాంతంగా మాత్రలు మింగుదామని ఆమె ఆశ.

"సారు, గీ మిషన్ల నా భయం కానొస్తదా?" అని అడిగింది.

"కనిపిస్తుందక్కా. దాన్నుంచి ఏదీ తప్పించుకోలేదు" అన్నాను నేను.

చూశారా. బల్ల ముందు కూర్చుని అరగంట కాలేదు, అప్పుడే నా చేతిలో లేనిదాన్ని నేను పంచిపెట్టడం మొదలుపెట్టాను.

ఆమె కుర్చీలో కూర్చోబోతుండగా వెనకనుంచి నర్సమ్మ అడ్డం వచ్చింది. ఆవిడ చంకలో ఇంత గుమ్మడికాయ. వాళ్ళ ఇంటి కప్పు మీద పాకిన తీగకు కాసిందట, క్యాంపువాళ్ళకు మధ్యాహ్నం కూరకని తెచ్చింది. ఇచ్చే ముందు ఒక సంగతి తేల్చమంది.

"తలకు తీగలు పెట్టి కరెంటిస్తరంట గద. పట్నంల పిచ్చోళ్ళకు గట్లనే జేస్తరని విన్న. మా కోడలుకు నేనియ్యనియ్య."

ఇది ఏమీ ఇచ్చే మిషన్ కాదమ్మా, తలలోంచి వచ్చేదాన్ని పట్టుకునే మిషన్ అని ఎంత చెప్పినా ఆవిడ కదల్లేదు. బయట నిలబడ్డ పదిమందీ ఆవిడ వైపే చేరారు. చివరికి, అంత నమ్మకమైతే ముందు నీ తలకే పెట్టుకో సారు అంది. న్యాయమైన మాటే. పెట్టుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ రోజు మొదటిసారి ఒంటరిగా క్యాంపుకు పోతున్నానన్న ఉత్సాహంలో, పొద్దున్నే లేచి జుట్టుకు జెల్ పట్టించి, అద్దం ముందు చాలాసేపు నిలబడి దువ్వుకుని వచ్చాను. టోపీ పెడితే అదంతా పోతుంది. నా క్రాఫు నిలబెట్టుకోవడం కోసం నేను గుమ్మడికాయ వైపు చూశాను.

గుమ్మడికాయను బల్ల మీద పెట్టి, చుట్టూ బట్ట చుట్టి కదలకుండా నిలబెట్టాను. టోపీ తొడిగాను. చాలా చక్కగా సరిపోయింది. జిగురు పెట్టాను. బొత్తం నొక్కాను. అందరినీ పిలిచి, చూడండి, కాయకేమైనా అయిందా అని అడిగాను.

"కాయకేం దెలుస్తది సారు, అది నొప్పని ఒర్లదు గద" అంది నర్సమ్మ.

అప్పుడు కాయ మీద చెయ్యి వేసి చూడమన్నాను. ఒక్కొక్కరే వచ్చి వేసి చూశారు. ఎవరికీ షాకు కొట్టలేదు. సందు దొరికింది కదా అని నేను మెదడు గురించి, తరంగాల గురించి, నా గురించి ఒక ఉపన్యాసం అందుకున్నాను. అది పావుగంట నడిచిందనుకుంటాను. ఆ సేపంతా బొత్తం నొక్కే ఉంది. చివరికి నర్సమ్మ ఒప్పుకుంది. జిగురంటిన కాయను క్యాంపువాళ్ళకు పెట్టడం మర్యాద కాదని, కడిగి తనే ఇంటికి పట్టుకుపోయింది.

ఇప్పుడు మీరు ఒక్క చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టి మీరైనా పెట్టుకోవాలి. వచ్చేవాళ్ళ పేర్లు ముందురోజే లాప్‌టాప్‌లో వరుసగా ఎక్కించి ఉంచాను. మొదటి పేరు కౌసల్య. రెండోది వెంకన్న, ఏ బాధా లేనివాళ్ళ జట్టుకు తనే ముందుకొచ్చాడు. మూడోది రేషను డీలరు. ఒకసారి కొలవడం ఆపగానే మిషన్ దానంతటది తర్వాతి పేరుకు పోతుంది. గుమ్మడికాయను కొలిచినప్పుడు తెర మీద ఉన్న పేరు ఎవరిదో మీకు అర్థమైపోయే ఉంటుంది. నాకు నాలుగు రోజులు పట్టింది.

తర్వాత కౌసల్యక్క కూర్చుంది. కళ్ళు మూసుకోమంటే మూసుకుంది గానీ కనురెప్పలు అదురుతూనే ఉన్నాయి, దవడ బిగుసుకుపోయింది. తర్వాత వెంకన్న కూర్చున్నాడు. తునికాకు మోపు ఎత్తుకుని వస్తుంటే ఎలుగుబంటి ఎదురైనా మోపు వదల్లేదని ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. కుర్చీలో ఒదిగి కళ్ళు మూసుకున్నాడు, చిన్నగా గురక వినిపించినట్టు కూడా అనిపించింది. రేషను డీలరు గుమ్మంలోంచి టోపీని చూసి, ఇప్పుడే వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆలోపు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిన ఆ గదిలో, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుండగా, కౌసల్యక్క వచ్చి నా ముందు నిలబడింది. వెనక అత్త, భర్త. ఇక్కడే నేను, రిపోర్టు మేడమ్ చూసి చెబుతారు అని ఒక్క వాక్యం అనాలి. జీతం ఇచ్చేది ఆ ఒక్క వాక్యానికే. కానీ "వచ్చిందా డాక్టరు సారు" అని అడిగింది ఆమె. డాక్టరు సారు అన్నాక ఏమీ తెలియదని ఎలా చెప్పగలను?

కౌసల్య పేరున్న ఫైలు తెరిచాను. నా జన్మలో అంత నున్నటి అలలు చూడలేదు. ఒకే తూగులో, ఒకే ఎత్తులో, తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా. నేనే నివ్వెరపోయాను. ఈమెకు భయమేమిటి, ఈమె దగ్గర కూర్చుని మనమే ధ్యానం నేర్చుకోవాలి అనిపించింది.

"అక్కా, ఏమీ లేదు. చాలా నిమ్మళంగా ఉంది. ఇంత ప్రశాంతంగా ఎవరివీ చూడలేదు నేను" అన్నాను.

ఇదే నేను గెలిచినట్టు కనిపించే చోటు. శుభవార్త చెప్పాననుకుని నవ్వాను కూడా.

ఆమె తెర వంక చూసింది. తర్వాత చేతిలో కవరు వంక చూసుకుంది.

"ఇది గూడ నార్మలేనా సారు" అంది.

అంత చిన్న గొంతు నేను ఆ తర్వాత కూడా ఎక్కడా వినలేదు. కానీ నాకు అప్పుడు అది కూడా నిమ్మళంగానే వినిపించింది. నర్సమ్మ మాత్రం, ఒంట్లో ఏమీ లేదు, అంతా ఊకె మనసుల పెట్టుకునుడే అని తను మూడేళ్ళ నుంచీ అంటున్న మాట మిషన్ కూడా చెప్పిందని బయటివాళ్ళకు వినపడేలా అంది. కాగితం మీద రాసిమ్మని అడిగింది. నేను రాసిచ్చాను. తెల్లకాగితం మీద, తరంగాలు ప్రశాంతంగా ఉన్నవి, ఏ సమస్యా లేదు అని రాసి, కింద నా సంతకం, దాని కింద తేదీ. కౌసల్యక్క దాన్ని మడిచి మిగతా నార్మల్ కాగితాల పక్కన పెట్టుకుంది.

వెంకన్న నవ్వుతూ, మరి నాదో అన్నాడు. తెరిచాను. గజిబిజి. గీత మీద గీత, ముళ్ళకంప పరిచినట్టు ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. అన్నా, మీలో చాలా భయం ఉంది, పైకి కనిపించదు, ఒకసారి మేడమ్‌ని కలవండి అన్నాను.

"నాకా? గుడ్డెలుగు ఎదురొస్తేనే మోపు ఇడిసిపెట్టలే సారు నేను."

"అదే అన్నా. లోపల అణిచిపెట్టుకుంటున్నారు."

ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలియదు. అతను మళ్ళీ నవ్వాడు గానీ ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. నేను సామాను సర్దుకుని, ఒక కుటుంబాన్ని చక్కదిద్దిన తృప్తితో బస్సెక్కాను.

నాలుగో రోజు పొద్దున మేడమ్ గదిలోకి పిలిచారు. ఎదురుగా తెర మీద ఆ అందమైన అలలు.

"శేఖర్, ఈ కౌసల్య బతికే ఉందా?"

"ఉంది మేడమ్. ఎందుకు?"

"ఇంతసేపట్లో ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు. గుటక వెయ్యలేదు. దవడ కదపలేదు. మనిషి కూర్చుంటే గీతల్లో ఇవన్నీ పడతాయి కదా, ఒక్కటీ లేదేం?"

"చాలా నిమ్మళమైన మనిషి మేడమ్."

మేడమ్ మూడో ఫైలు తెరిచారు. రేషను డీలరు రాలేదని నువ్వే రిజిస్టరులో రాశావు, మరి అతని పేరు మీద ఈ తరంగాలు ఎవరివి, ఎవరో సగంసేపు నిద్రపోయినట్టు కూడా ఉంది అన్నారు. ఆ రోజు మొట్టమొదట టోపీ ఎవరికి పెట్టావు అని అడిగారు. నేను నేల వంక చూశాను.

"గుమ్మడికాయకు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మరి కాయలో అలలెలా వచ్చాయి మేడమ్ అని, నా బతుకు ఎంత అడుగుకు పోయినా ఇంకా తవ్వుదామన్నట్టు, అడిగాను.

"పైన ఫ్యాను తిరుగుతోందా? గాలికి తీగలు ఊగాయి. నువ్వు చూసింది ఫ్యాను గాలిని" అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న అన్నిటికన్నా ఘోరమైంది. "వాళ్ళకేమైనా చెప్పావా?"

"కాగితం కూడా రాసిచ్చాను మేడమ్."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క మనిషి గీతలు చూసి, ఆ మనిషికి ఆందోళన ఉందో లేదో చెప్పడం తనకే రాదన్నారు. దవడ బిగిస్తేనే సగం గజిబిజి వచ్చేస్తుందట. మనం చేసేది చాలామందివి కలిపి చూసి తేడా ఏమైనా ఉందా అని వెతకడమే, ఉందో లేదో ఇంకా తేలలేదు, తేలనిదాన్ని నువ్వు సంతకం పెట్టి ఇచ్చావు అన్నారు. చివరికి చాలా నెమ్మదిగా, "ఆమె మాత్రలు మానేసి ఉంటే?" అన్నారు.

ఆ మాటతో నా క్రాఫు, నా కోటు, నా సిద్ధాంతం అన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి. ఇప్పుడే వెళ్ళు, నేను ఫోనులో ఆమెతో మాట్లాడతాను, కానీ జరిగింది మాత్రం నువ్వే ఎదుట నిలబడి చెప్పాలి అన్నారు మేడమ్.

ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, పాల్వంచ మీదుగా పోయాను. దారి పొడుగునా నా గుండె దడదడా కొట్టుకుంటూనే ఉంది. చేతులు చల్లబడ్డాయి. కిటికీ తెరిచినా గాలి చాలలేదు. దిగి పారిపోదామనిపించింది, పారిపోయినా ఆ కాగితం ఆమె కవర్లోనే ఉంటుందని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఇలాంటిది ఆమెకు పొయ్యి ముందు నిలబడి ఉండగా, చుట్టూ పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరుసలో ఉండగా వస్తుంది. నాకు ఆ ఆలోచన అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అందరి తలలకూ తీగలు పెట్టినవాణ్ణి, ఒక్కరి తలలో ఏముందో ఊహించి చూడలేదు.

వాళ్ళ ఇంటి ముందుకు పోయేసరికి అరుగు మీద వెంకన్న కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. రెండు అరికాళ్ళూ నేలకు ఆనించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పక్కన కౌసల్యక్క నెమ్మదిగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది, అతను ఆ లెక్క ప్రకారం ఊపిరి పీలుస్తున్నాడు.

నన్ను చూడగానే నర్సమ్మ లోపల్నుంచి వచ్చింది.

"వచ్చినవా సారు. నువ్వు జెప్పిపోయిన కాడికెంచి నా కొడుకు పనికి పోతలేడు. గుండె దడ అంటడు, చేతులు తిమ్మిరంటడు, పానం పోతదంటడు. గుడ్డెలుగుకు భయపడనోడు నీ మాటకు మంచం వట్టిండు."

మొదటిరోజు నవ్వుకున్నాడట. ఆ సాయంత్రం నుంచి, లోపల అణిచిపెట్టుకున్న భయం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. వెతికేవాడికి దొరకదా మరి. నీ గోళీలు ఇయ్యమని భార్యను అడిగితే, ఎవరివి వాళ్ళకు డాక్టరే రాయాలె అని ఆమె ఇవ్వలేదు. కొత్తగూడెం డాక్టరు తనకు నేర్పిన ఊపిరి లెక్క మాత్రం రోజుకు పదిసార్లు దగ్గర కూర్చుని చేయిస్తోంది. తను మాత్రం మాత్రలు మానేసింది. మిషన్ ఏమీ లేదన్నాక ఇంకెందుకని.

నేను నిలబడే చెప్పాను. మొదట కాయ, తర్వాత పేర్లు జరగడం, ఫ్యాను గాలి, నా కాగితం, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న కోడిని చూస్తూ నిలబడ్డాను.

"అంటే నాకేం లేదా సారు?" అన్నాడు వెంకన్న.

"లేదన్నా. మీరు ఆ రోజు సగంసేపు నిద్రపోయారట."

అతను గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. నెమ్మదిగా ఊపిరి వదిలాడు. లేచి వెళ్ళిపోతాడేమో, నన్ను రెండు తగిలిస్తాడేమో అనుకున్నాను. అతను భార్య వైపు తిరిగాడు.

"మరి ఆ గజిబిజి ఈమెదా?"

"ఆమెదేనన్నా. కానీ ఆ గీతలు చూసి నేను ఏదీ చెప్పకూడదు. మొన్న మీకు చెప్పింది మిషన్ కాదు, నేనే."

"గీతల సంగతి ఇడిసిపెట్టు సారు" అన్నాడు. "నాలుగు దినాలకే నేను పనికి పోలేకపోతి. ఈమె మూడేండ్ల సంది గిట్లనే ఉండుకుంట బడిపిల్లలందరికి వండిపెట్టిందా?"

అది నన్ను అడగలేదు, ఆమెనూ అడగలేదు. నర్సమ్మ లోపలికి వెళ్ళి, మాత్రల పట్టీ తెచ్చి, ఏమీ అనకుండా కోడలి పక్కన అరుగు మీద పెట్టింది. నేను మేడమ్‌కి ఫోను కలిపి కౌసల్యక్క చేతికిచ్చాను. మేడమ్ ఆ కొత్తగూడెం డాక్టరుతో కూడా మాట్లాడి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడిగి చెబుతానన్నారు. ఆమె అన్నింటికీ అవ్ మేడం, అవ్ మేడం అంది.

ఇక్కడితో అందరూ నవ్వేసి, నాకు చాయ్ ఇచ్చి సాగనంపారని మీరు ఆశపడుతున్నారేమో. చాయ్ ఇచ్చిన మాట నిజమే. కానీ కౌసల్యక్క నన్ను అంత సులభంగా వదల్లేదు, వదలకూడదు కూడా. లోపలికి వెళ్ళి కవరు తెచ్చి, నేను రాసిచ్చిన కాగితం వెతికి తీసింది.

"ఈ నాలుగు దినాలు నన్ను నేనే నమ్మలే సారు. అందరు అన్నట్టు నాటకమే ఆడుతున్ననేమో, నాకే ఎరుక లేదేమో అనుకున్న" అంది. గొంతు పెంచలేదు. "ఇది నీదే, తీస్కపో. నాకింక ఏ కాయిదం వద్దు."

మళ్ళీ ఒకసారి టోపీ పెట్టుకుంటుందేమో అడిగి రమ్మని మేడమ్ చెప్పి పంపారు. నాకు అడగడానికి నోరు రాలేదు. అడగకుండానే ఆమెకు అర్థమైంది, తల అడ్డంగా ఊపింది. ఆమె మూడేళ్ళు ఎదురుచూసిన కాగితం ఏ మిషన్ దగ్గరా లేదని, ఉందని చెప్పినవాణ్ణి నేనేనని తలుచుకుంటే నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆమే నా పక్కన కూర్చుని ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాల్సి వస్తుందని ఆపుకున్నాను.

కాగితం జేబులో పెట్టుకుని గడప దిగుతుంటే నర్సమ్మ వెనకనుంచి పిలిచింది. ఆవిడకు ఇంకా ఒక సందేహం మిగిలి ఉంది.

"అంత నిమ్మళంగున్నదని నువ్వు రాసిచ్చింది ఆ కాయకేనా సారు?"

"దానికేనమ్మా."

"అయ్యో. దాన్ని ఆ పొద్దే పులుసు పెట్టినం సారు."

వెంకన్న తల దించుకున్నాడు, భుజాలు కదలడం మాత్రం నాకు కనిపించింది. కౌసల్యక్క పెదవి బిగించి గుంజను పట్టుకుంది. నా వైద్యవృత్తిలో నేను ఏ సమస్యా లేదని సంతకం పెట్టి పంపిన మొదటి పేషెంటు, అదే రోజు చీకటి పడకముందే చింతపండు రసంలో ఉడికిపోయింది.

ములకలపల్లిలో బస్సు కోసం నిలబడి, తెల్లకోటు చంకలో చుట్టి పెట్టుకుని, పడమటి దిక్కుకు తిరిగి నేను ఘనంగా ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో గుమ్మడి, సొర, దోస, ఏ జాతి కాయకూ నేను రిపోర్టు చదవను. మనుషులకు అసలే చదవను. డాక్టరు సారు అని ఎవరైనా పిలిస్తే, ఆ మాట వాళ్ళ నోట్లో ఉండగానే కాదని చెబుతాను. మిషన్ పరీక్షించాలంటే ముందు నా తలే ఇస్తాను, క్రాఫు ఏమైపోయినా సరే. ఎవరైనా నాకు భయంగా ఉంది అంటే, తెర వంక చూడకుండా, ముందు ఆ మనిషి ముఖం వంక చూస్తాను.

ఆ ప్రతిజ్ఞ ఇప్పటిదాకా తప్పలేదు. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఏ సమస్యా లేదు అని రాసి, కింద నా సంతకం. ఆ రోజు అక్కడున్న అందరిలోకీ అది నిజంగా వర్తించినది ఒక్క గుమ్మడికాయకే.